ఓడ ఎక్కిన మొదటి గంట

టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవులో మధ్యాహ్నం పూట క్రూజ్ షిప్ ఎక్కడానికి బారులు తీరిన జనాన్ని చూస్తే పెళ్లివారి బస్సు దిగినంత సందడిగా ఉంటుంది. డాలస్ నుంచి, హ్యూస్టన్ నుంచి వచ్చే తెలుగు కుటుంబాలు ఆ వరుసల్లో ఇప్పుడు మామూలే. పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండిపోదామని వచ్చిన అమ్మానాన్నలు, తోపుడుబండిలో మనవరాలు, చంకన చిరుతిళ్ల సంచి. సింగపూర్‌లోనూ ఇదే దృశ్యం. 2022 జూన్‌లో విశాఖ రేవు నుంచి కూడా విహార నౌకా ప్రయాణాలు మొదలయ్యాయి కాబట్టి, ఈ ముచ్చట పాస్‌పోర్టు లేనివాళ్లకూ అందుబాటులోకి వచ్చింది.

ఓడలో కాలు పెట్టగానే చాలామంది నేరుగా బఫేకి వెళతారు. అక్కణ్నుంచి పై డెక్‌కి, ఫొటోలకి. క్యాబిన్ తాళం తీసేసరికి మూడవుతుంది. ఓడ కదిలేవేళకు భద్రత సంగతి ఎవరికీ గుర్తుండదు. అయితే సముద్రం మీద ప్రయాణికుడు తనకోసం తాను చేసుకోగల జాగ్రత్తల్లో ముఖ్యమైనవన్నీ ఓడ ఎక్కిన మొదటి గంటలో చేయాల్సినవే. ఆ తర్వాత చేద్దామంటే కొన్నిటికి సమయం మించిపోతుంది. ఈ అధ్యాయం ఆ గంట గురించే.

ముందుగా ఒక సంగతి మనసుకు ఎక్కించుకోవాలి. క్రూజ్ షిప్ హోటల్‌లా కనిపిస్తుంది, కానీ హోటల్ కాదు. 2024లో తొలి ప్రయాణం చేసిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' నిండుగా ఎక్కితే 7,600 మంది ప్రయాణికులు, 2,350 మంది సిబ్బంది ఉంటారు. అంటే దాదాపు పదివేల మంది, మన దగ్గర ఒక పెద్ద ఊరి జనాభా. ఆ ఊరికి బయట నుంచి ఫైరింజన్ రాదు, పోలీసు జీపు రాదు, అంబులెన్స్ రాదు. మంటలార్పేదీ, దొంగను పట్టేదీ, గాయానికి కట్టు కట్టేదీ ఓడ సిబ్బందే. వాళ్లకు శిక్షణ ఉంటుంది, నియమాలుంటాయి. కానీ ఏం చేయాలో ప్రయాణికులకు తెలిసి ఉంటేనే ఆ శిక్షణ పనికొస్తుంది.

ఇటలీలోని చివితావెక్యా రేవు నుంచి 2012 జనవరి 13 సాయంత్రం ఏడు దాటాక 'కోస్టా కాంకోర్డియా' బయల్దేరింది. ఓడలో నాలుగు వేల రెండు వందల మందికి పైగా ఉన్నారు. వాళ్లలో ఆరు వందల పైచిలుకు మంది ఆ సాయంత్రమే ఎక్కారు. ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో నేర్పే కవాతును వాళ్లకు మర్నాటికి పెట్టారు. అప్పటి అంతర్జాతీయ నిబంధన ప్రకారం అందులో తప్పేమీ లేదు. ఎక్కిన 24 గంటల్లోపు నేర్పితే చాలు. కానీ ఓడ రెండున్నర గంటలే ప్రయాణించింది. రాత్రి 9.45కి జిల్యో దీవి దగ్గర రాతికి కొట్టుకుని దాని పక్క చీలింది. కరెంటు పోయింది. జనరేటర్ సమస్య అని ప్రకటనలు వచ్చాయి, గదుల్లోకి వెళ్లమని కొందరు సిబ్బంది చెప్పారు. ఓడ వదలాలన్న ఆదేశం వచ్చేసరికి గంటకు పైగా గడిచింది. అప్పటికే ఓడ ఒరిగిపోతూ ఉంది. ఒక వైపున్న లైఫ్ బోట్లను కిందికి దించడమే కష్టమైపోయింది.

చనిపోయినవారు 32 మంది. ప్రయాణికులకు సాయం చేస్తూ ఉండిపోయిన ఒక భారతీయ వెయిటర్ అవశేషాలు రెండేళ్లు గడిచాక, 2014 నవంబరులో దొరికాయి. కెప్టెన్ ఫ్రాంచెస్కో స్కెత్తీనోకు 2015లో కోర్టు 16 ఏళ్ల జైలు శిక్ష వేసింది.

ఆ ఘటన తర్వాతే నిబంధన మారింది. 2015 జనవరి 1 నుంచి కవాతు ఓడ బయల్దేరకముందో, బయల్దేరిన వెంటనేనో జరిగి తీరాలి. ప్రయాణికులను విసిగించడానికి పుట్టిన నియమం కాదు ఇది. కొందరి ప్రాణాలు పోయాకనే పుట్టింది. కాబట్టి దాన్ని ఎగ్గొట్టే మార్గం వెతకడం తెలివైన పని కాదు.

ఇప్పుడు ఒక చిక్కు వచ్చిపడింది. కోవిడ్ తర్వాత చాలా కంపెనీలు అందరినీ ఒకచోట నిలబెట్టే పద్ధతి మానేశాయి. ఫోన్‌లోనో గదిలోని టీవీలోనో వీడియో చూసి, తర్వాత తమకు కేటాయించిన మస్టర్ స్టేషన్‌కు, అంటే ఆపద వేళ గుమికూడాల్సిన చోటికి, వెళ్లి కార్డు చూపించి వస్తే సరిపోతుంది. గుంపులో నలిగే బాధ తప్పింది, మంచిదే. కానీ వీడియో ఒక పక్క నడుస్తుంటే ఇంకో పక్క సూట్‌కేసు సర్దుకునే అలవాటు కూడా వచ్చింది. కార్డు స్కాన్ చేయించుకుని రెండు నిమిషాల్లో తిరిగొచ్చేసినవాళ్లకు ఆ చోటు పేరు గుర్తుంటుంది కానీ దారి గుర్తుండదు. చీకట్లో, పొగలో, ఒరిగిన నేల మీద కావలసింది దారి.

అందుకని కుటుంబమంతా క్యాబిన్ నుంచి మస్టర్ స్టేషన్ దాకా ఒకసారి మెట్ల మీదుగా నడవాలి. ప్రమాదంలో లిఫ్టు వాడకూడదు కాబట్టి ఆ రోజు కూడా లిఫ్టు వద్దు. గది తలుపు నుంచి మెట్ల దాకా ఎన్ని తలుపులున్నాయో చేత్తో తడుముతూ లెక్కపెట్టుకోవాలి. పొగ కమ్మినప్పుడు కళ్లు పనిచేయవు, ఆ లెక్క పనిచేస్తుంది. రెండో దారి ఎటు ఉందో కూడా చూడాలి. స్టేషన్ అక్షరమో సంఖ్యో మామూలుగా కీ కార్డు మీదే ముద్రించి ఉంటుంది. దాన్ని పెద్దవాళ్లకు చూపించి, చదివించి, రెండుసార్లు అడగాలి.

తెలుగు కుటుంబాల్లో ఇంకో పని తప్పనిసరి. ఓడలో ప్రకటనలన్నీ ఇంగ్లిషులో, ఒక్కోసారి స్పానిష్‌లో, చైనీస్‌లో వస్తాయి. అమెరికన్ యాసలో, స్పీకర్ గరగరలో వచ్చే ఆ మాటలు ఒంగోలు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన డెబ్బయ్యేళ్ల నాన్నకు అర్థం కావు. ఆ వేళకు కొడుకు పక్కన ఉంటాడన్న హామీ లేదు. మాటలు అర్థం కాకపోయినా శబ్దం అర్థమవుతుంది. ఏడో అంతకంటే ఎక్కువో పొట్టి కూతలు, వాటి వెనుక ఒక పొడుగు కూత. ప్రపంచంలో ఏ నౌకలోనైనా అత్యవసర సంకేతం ఇదే. 'నాన్నా, ఇలా కూత వినిపిస్తే మాకోసం చూడకుండా, గదికి పోకుండా, కార్డు మీదున్న ఈ చోటికి వెళ్లిపో, మేమూ అక్కడికే వస్తాం' అని తెలుగులో ఒక్కసారి చెప్పి, ఆయన చేత తిరిగి చెప్పించుకోవాలి. ఈ పనికి అయిదు నిమిషాలు పట్టదు.

పిల్లల విషయంలో కూడా ఇదే సూత్రం. ఆటల క్లబ్బులో వదిలిన పిల్లలకు చేతికి పట్టీ కడతారు. ప్రమాదం వస్తే అక్కడి సిబ్బందే వాళ్లను తల్లిదండ్రుల స్టేషన్‌కు చేర్చే ఏర్పాటు చాలా నౌకల్లో ఉంటుంది. ఆ ఏర్పాటు ఎలా ఉందో పిల్లను దించేటప్పుడే అడిగి తెలుసుకోవాలి. తెలియకపోతే తల్లి పిల్ల కోసం పై డెక్‌కి, పిల్ల తల్లి కోసం కిందికి ఎదురెదురుగా పరిగెత్తాల్సి వస్తుంది.

లైఫ్ జాకెట్ కొన్ని ఓడల్లో గది బీరువాలో, కొన్నిటిలో స్టేషన్ దగ్గర ఉంటుంది. ఎక్కడుందో చూసి, ఒకసారి వేసుకుని, బకిల్ బిగించి, తీయాలి. పసిపిల్లలకు వేరే కొలత జాకెట్ కావాలి. గదిలో అది లేకపోతే ఆ పూటే గది చూసే ఉద్యోగిని అడగాలి. జాకెట్ సంగతి తెలుగువాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరిలో పాపికొండలకు వెళుతున్న 'రాయల్ వశిష్ఠ' బోటు మునిగింది. 77 మందిలో 26 మందే ఒడ్డున పడ్డారు. ఉక్కగా ఉందనో, భోజనాల వేళ అయిందనో చాలామంది జాకెట్లు విప్పేశారని బతికినవాళ్లు చెప్పారు. పాపికొండల బోటుకూ, ఇరవై అంతస్తుల క్రూజ్ షిప్‌కూ పోలిక లేదు నిజమే. నీళ్లకు మాత్రం రెండూ ఒకటే.

సముద్రంలో ఓడకు నీటికంటే నిప్పు ఎక్కువ భయం. ఈ మాట నావికులు ఎప్పుడూ అంటారు.

1990 ఏప్రిల్ 7 తెల్లవారుజామున 'స్కాండినేవియన్ స్టార్' అనే ప్రయాణికుల ఓడ ఓస్లో నుంచి డెన్మార్క్ వెళుతుండగా అంటుకుంది. ఎవరో కావాలని పెట్టిన మంట అది. 159 మంది పోయారు, ఎక్కువమంది మంటకు కాదు, పొగకు. నడవల గోడలకు అతికించిన పలకలు కాలి విషవాయువులు వదిలాయి. కొందరు గదుల్లోనే, కొందరు బయటికి దారి లేని నడవ చివర పడిపోయారు. అలారం వినపడక నిద్రలేవనివాళ్లూ ఉన్నారు. సిబ్బందిలో చాలామంది ఆ ఓడకు కొత్త, ప్రయాణికుల భాష వాళ్లకు రాదు. ఆ విషాదం తర్వాత రెండేళ్లకు అంతర్జాతీయ నిబంధనలు కట్టుదిట్టమయ్యాయి. గదుల్లో పొగ పసిగట్టే పరికరాలు, పైనుంచి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు, నేలకు దగ్గరగా మెరిసే దారి గీతలు అలా వచ్చినవే. ఇవాళ ఏ క్రూజ్ షిప్ నడవలో నడిచినా పాదాల ఎత్తున ఆ గీత కనిపిస్తుంది. పొగ పైకి లేస్తుంది, కాబట్టి మనిషి వంగి, అవసరమైతే పాకుతూ, ఆ గీత పట్టుకుని పోవాలి. తలుపు తెరవకముందు చేతి వెనక భాగంతో తాకి చూడాలి. వేడిగా ఉంటే తెరవకూడదు. తలుపు సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కి, గదిలోని ఫోన్ నుంచి అత్యవసర నంబరుకు చెప్పాలి. ఆ నంబరు ఫోన్ మీదే రాసి ఉంటుంది, ఎక్కిన గంటలో అదీ చూసుకోవాలి.

మంట పుట్టించేది ఒక్కోసారి చాలా చిన్న వస్తువు. 2006 మార్చి 23న జమైకా వెళ్లే దారిలో 'స్టార్ ప్రిన్సెస్' ఓడలో అర్ధరాత్రి దాటాక ఒక బాల్కనీలో నిప్పు రాజుకుంది. ప్లాస్టిక్ కుర్చీలు, బాల్కనీల మధ్య అడ్డుపలకలు అంటుకుని పక్క గదులకూ పై అంతస్తులకూ పాకింది. ఒక ప్రయాణికుడు చనిపోయాడు. ఎవరో విసిరేసిన సిగరెట్ ముక్కే కారణమై ఉంటుందని దర్యాప్తు తేల్చింది. అప్పటిదాకా బాల్కనీలకు మంటను గుర్తించే ఏర్పాటు తప్పనిసరి కాదు, 2008 నుంచి అయింది. బాల్కనీలో పొగ తాగొద్దనే నియమం చాలా కంపెనీల్లో ఉంది. పై డెక్ నుంచి సముద్రంలోకి విసిరిన సిగరెట్ గాలికి తిరిగి కింది బాల్కనీలో పడుతుంది. ఇంట్లో పొగ తాగే పెద్దవాళ్లుంటే ఈ సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి.

సామాన్ల తనిఖీలో తెలుగువాళ్ల పెట్టెల నుంచి తీసి పక్కన పెట్టే వస్తువులు కొన్నున్నాయి. చిన్న రైస్ కుక్కర్, కరెంటు కెటిల్, ఇస్త్రీపెట్టె, నీళ్లలో పెట్టే హీటర్, ఎక్స్‌టెన్షన్ బాక్సు. ఉదయం కాఫీ, మధ్యాహ్నం పెరుగన్నం లేకపోతే నాన్నకు నడవదు అన్న ప్రేమతోనే అవి పెట్టెలోకి చేరతాయి. ప్రేమ సరే, నిబంధన ఎందుకో తెలిస్తే పట్టుదల తగ్గుతుంది. వేడి పుట్టించే వస్తువుల వల్ల ఇరుకు గదిలో మంట పుట్టే అపాయం ఉంది. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ సంగతి ఇంకా చిత్రమైనది. ఇంట్లో ఒక తీగలోనే ఓల్టేజి ఉంటుందని లెక్కవేసి దాన్ని తయారు చేస్తారు. ఓడలో మాత్రం రెండు తీగల్లోనూ ఓల్టేజి ఉండే పద్ధతి వాడుకలో ఉంది. ఇంట్లో కాపాడే ఆ పెట్టె ఓడలో వేడెక్కి తానే అంటుకునే అపాయం ఉందని 2013లో అమెరికా కోస్ట్‌గార్డ్ ప్రత్యేకంగా హెచ్చరించింది. పెరుగన్నం కావాలంటే భోజనశాలలో ముందురోజు చెప్పుకోవడమే మార్గం, చాలా ఓడల్లో ఆ మాత్రం వినిపించుకుంటారు. పూజ కోసం తెచ్చుకున్న కర్పూరం, అగరుబత్తీ, దీపపు వత్తి ఏ గదిలోనూ వెలిగించకూడదు. దేవుడికి ఆ వారం మానసిక పూజ చాలు.

బాల్కనీ గది తీసుకున్నవాళ్లు తలుపు తీసి చూసేది సముద్రాన్ని. చూడాల్సింది ముందుగా రెయిలింగ్‌ను. అమెరికా చట్టం ప్రకారం అది కనీసం 42 అంగుళాలు, అంటే మూడున్నర అడుగులు ఉండాలి. పెద్దవాళ్లకు ఛాతీకి కాస్త కింద వరకు వస్తుంది. కాళ్లు నేల మీద ఉన్నంతకాలం ఆ ఎత్తు దాటి మనిషి పొరపాటున పడటం దాదాపు అసాధ్యం. పడినవాళ్లలో చాలామంది ఎక్కినవాళ్లు, కూర్చున్నవాళ్లు, బాగా వంగినవాళ్లు, మద్యం ఎక్కువైనవాళ్లు. రెయిలింగ్ పక్కన కుర్చీ ఉందంటే పిల్లవాడికి నిచ్చెన ఉన్నట్టే. గదిలోకి రాగానే బాల్కనీ కుర్చీలను గోడ వైపుకు జరపాలి, లేదా గది చూసే ఉద్యోగి చేత లోపల పెట్టించాలి. బాల్కనీ తలుపుకు పైన గొళ్లెం ఉందో లేదో చూసి, పిల్లలు నిద్రపోతున్నప్పుడు కూడా వేసి ఉంచాలి.

2019 జూలైలో ప్యూర్టోరికోలోని శాన్ హువాన్ రేవులో ఆగి ఉన్న ఒక పెద్ద ఓడ పదకొండో డెక్‌లో ఏడాదిన్నర పాప తాతగారి చేతుల్లోంచి జారి కిటికీ గుండా కింద పడి చనిపోయింది. కిటికీకి గాజు ఉందనుకున్నానని ఆయన చెప్పాడు. అది తెరిచి ఉంది. మనవరాలికి సముద్రం చూపించాలని ఎత్తుకోని తాత ఎక్కడుంటాడు? అందుకే ఈ విషయం కఠినంగా చెప్పుకోవాలి. ఓడలో రెయిలింగ్ దగ్గరికీ, కిటికీ దగ్గరికీ పిల్లను ఎత్తుకుని పోకూడదు. చేయి పట్టుకుని నిలబెట్టి చూపిస్తే సముద్రం అంతే కనిపిస్తుంది. 2025 జూన్ చివర్లో డిస్నీ వాళ్ల ఓడలో ఫొటో తీయించుకుంటూ రెయిలింగ్ మీద కూర్చున్న చిన్నపిల్ల వెనక్కి పడింది. తండ్రి వెంటనే దూకాడు. సిబ్బంది చిన్న పడవ దించి ఇరవై నిమిషాల్లో ఇద్దరినీ పైకి తీశారు. అది వాళ్ల అదృష్టం, సిబ్బంది నైపుణ్యం. ప్రతిసారీ అలా జరగదు.

ఎవరైనా పడటం చూస్తే చేయాల్సిన పనులు మూడు. గట్టిగా అరవడం. అందుబాటులో ఉన్న తేలే చక్రాన్ని నీళ్లలోకి విసరడం. అన్నిటికంటే ముఖ్యమైనది, ఒకరు చూపు తిప్పకుండా, చెయ్యి చాచి, మనిషి ఉన్న చోటు చూపిస్తూనే ఉండటం. పెద్ద ఓడ వెంటనే ఆగదు. అలల మధ్య తల చాలా చిన్నగా కనిపిస్తుంది. ఒకసారి చూపు మరలితే తిరిగి దొరకడం కష్టం.

తుపాను వాతావరణం వేరే పాఠం. 2019 మార్చి 23న నార్వే తీరంలో 'వైకింగ్ స్కై' ఇంజన్లు ఆగిపోయి, 1,373 మందితో అలల మీద కొట్టుకుంది. ఇంజన్లలో నూనె తగినంత లేకపోవడమే కారణమైంది. 479 మందిని హెలికాప్టర్లతో ఒక్కొక్కరిగా ఒడ్డుకు చేర్చారు. లోపల కుర్చీలు, కుండీలు, పైకప్పు పలకలు జారిపడి చాలామందికి దెబ్బలు తగిలాయి. ఓడ ఊగుతున్నప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ పట్టు మీదే ఉండాలి. బాత్రూం గడప ఎత్తుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అక్కడే తట్టుకుంటారు. గది తలుపు, బాల్కనీ తలుపు రెండూ ఒకేసారి తెరిస్తే గాలి తోసి తలుపు దడాలున మూసుకుంటుంది, వేళ్లు నలుగుతాయి. పిల్లలకు ముందుగా చెప్పాల్సిన మాట ఇది.

ఇక గది తాళం. ఇక్కడ జాగ్రత్త మరీ ఎక్కువ కావాలి, ఎందుకంటే ఓడలో మనిషి హోటల్లోకన్నా నిశ్చింతగా ఉంటాడు. చుట్టూ సముద్రం, దొంగ ఎక్కడికి పోతాడు అనుకుంటాడు.

గది తలుపుకు ఇవాళ ఉన్న రక్షణల వెనక ఒక విషాదం ఉంది. 2004 ఆగస్టులో అలాస్కా ప్రయాణంలో ఒక మహిళ ఓడలోంచి మాయమైంది. ఆమె మంచం వాడినట్టు లేదని గది చూసే ఉద్యోగి పై అధికారికి చెప్పాడు. ఆ మాట ముందుకు సాగలేదు. ప్రయాణం ముగిశాక ఆమె సామాన్లు మూటకట్టి పెట్టారు. పోలీసులకు కబురు వెళ్లలేదు. ఆమె తండ్రి కెండాల్ కార్వర్ కూతురి జాడ తానే వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ దుఃఖంతో ఆయన ఆగిపోలేదు. తనలాంటి కుటుంబాలతో కలిసి 2006లో క్రూజ్ బాధితుల సంఘం పెట్టి, అమెరికా కాంగ్రెస్ ముందు సాక్ష్యం చెప్పాడు. ఆ పోరాటం వల్లే 2010 జూలై 27న అధ్యక్షుడు ఒబామా క్రూజ్ నౌకల భద్రతా చట్టం మీద సంతకం చేశారు.

ఇవాళ అమెరికా రేవుల నుంచి వెళ్లే పెద్ద ఓడల్లో ప్రయాణికుడు చూసే ఎన్నో చిన్న చిన్న వస్తువులు ఆ చట్టం ఇచ్చినవి. తలుపుకు లోపలినుంచి చూసే రంధ్రం, కొత్తగా కట్టిన ఓడల్లో లోపలి గడియ, ఎవరు ఎప్పుడు తీశారో తెలిసే కీ కార్డు తాళం, కెమెరాలు. ఏ ఉద్యోగి ఏ గదిలోకి ఎప్పుడు వెళ్లొచ్చో రాసిపెట్టిన నియమం. లైంగిక దాడి జరిగితే పరీక్షించి ఆధారాలు భద్రపరిచే వైద్య సామగ్రి, బాధితులు ఎవరి కంటా పడకుండా పోలీసులతో ఫోన్‌లో మాట్లాడే వీలు. ఓడల్లో జరిగే నేరాల లెక్కలు అక్కడి రవాణా శాఖ మూడు నెలలకోసారి కంపెనీల వారీగా బయటపెడుతుంది. ఆ పట్టికల్లో దాదాపు ఎప్పుడూ పైన ఉండేది దొంగతనం కాదు, లైంగిక దాడి. ఈ నిజం కుటుంబాల్లో మాట్లాడుకోవడం ఇబ్బందిగా ఉంటుంది. ఇబ్బంది పడినా మాట్లాడుకోవాలి. ముఖ్యంగా పదమూడు దాటిన పిల్లలతో.

వాళ్లకు చెప్పాల్సింది కొంతే. కొత్తగా పరిచయమైనవాళ్ల గదికి వెళ్లొద్దు, వాళ్లను మన గదికి పిలవొద్దు. సిబ్బంది నడిచే నడవల్లోకి పోవద్దు. తన గ్లాసు తన చేతిలో ఉండాలి, పక్కన పెట్టి వెళ్లిన గ్లాసు మళ్లీ తాగొద్దు. గది నంబరు గట్టిగా చెప్పొద్దు. రాత్రి ఎన్నింటికి గదికి రావాలో ముందే మాట అనుకోవాలి. ఏదైనా జరిగితే తప్పు తమది కాదని, వెంటనే అమ్మానాన్నలకు చెప్పొచ్చని పిల్లలకు ముందే తెలిసి ఉండాలి. ఇది చివరిది, మిగతావాటికంటే విలువైనది.

పెద్దవాళ్లకు గది జాగ్రత్తలు ఇంతకంటే సులువు. తలుపు దానంతటదే మూసుకుంటుందనుకోకుండా లాగి చూడాలి. లోపలున్నప్పుడు గడియ వేసుకోవాలి. రెండు గదుల మధ్య తలుపుంటే అది తాళం వేసి ఉందో లేదో ఎక్కగానే చూడాలి. ఎవరైనా తలుపు తట్టి 'మరమ్మతుకు వచ్చాం' అంటే, పిలవకుండా వచ్చినవాళ్లయితే, తలుపు తీయకుండా రిసెప్షన్‌కు ఫోన్ చేసి కనుక్కోవాలి. నిజమైన ఉద్యోగి దీనికి నొచ్చుకోడు. కీ కార్డును ఈతకొలను పక్కన తువ్వాలు మీద వదిలేస్తే అది గది తాళం, కొనుగోళ్ల పర్సు రెండూ వదిలేసినట్టే. పోతే అప్పటికప్పుడే రద్దు చేయించుకోవాలి. గదిలోని సేఫ్‌లో పాస్‌పోర్టులు, నగలు పెట్టుకోవచ్చు. అయితే అవసరమైతే దాన్ని తెరిచే అధికారం భద్రతా సిబ్బందికి ఉంటుంది. కాబట్టి పెళ్లినాటి హారం, కాసులపేరు ఓడకు తీసుకుపోకపోవడమే మంచిది. పాస్‌పోర్టు, వీసా పేజీల ఫొటోలు ఫోన్‌లోనూ, ఒడ్డునున్న ఒక బంధువు దగ్గరా ఉంచాలి.

నేరం జరిగితే అది ఎవరి చట్టం కిందికి వస్తుందన్నది ఓడలో పెద్ద ప్రశ్న. చాలా క్రూజ్ షిప్‌లు బహామాస్, పనామా, బెర్ముడా, మాల్టా జెండాలతో తిరుగుతాయి. నడిసముద్రంలో ముందుగా వర్తించేది ఆ జెండా దేశపు చట్టం. భారత జెండా ఉన్న ఓడ ఎక్కడున్నా అందులో భారత న్యాయసంహిత వర్తిస్తుంది. ప్రయాణికుడు ఈ చిక్కంతా విప్పుకోనక్కర్లేదు. ఆ క్షణంలో చేయాల్సింది ఇది: ఓడ భద్రతాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి దాని నకలు తీసుకోవాలి. ఆ సమయపు కెమెరా దృశ్యాలు చెరిపేయకుండా భద్రపరచమని అదే కాగితంలో రాయాలి, ఎందుకంటే కొన్నాళ్లకు అవి చెరిగిపోతాయి. గది శుభ్రం చేయించకూడదు, ఒంటి మీది బట్టలు ఉతకకూడదు. తర్వాతి రేవులో స్థానిక పోలీసులకూ, భారతీయులైతే దగ్గరలోని మన రాయబార కార్యాలయానికీ చెప్పాలి.

ఆరోగ్యం సంగతి క్లుప్తంగా. ఓడలో డాక్టరుంటాడు, ఆసుపత్రి ఉండదు. పెద్ద సమస్య వస్తే హెలికాప్టర్‌తోనో తర్వాతి రేవులోనో దించాలి, ఆ ఖర్చు లక్షల్లో ఉంటుంది. అమెరికా చూడటానికి వచ్చిన తల్లిదండ్రులకు తీసిన బీమా సముద్రం మీద కూడా పనిచేస్తుందో లేదో టికెట్ కొనకముందే పాలసీ తెరిచి చూడాలి. బీపీ, షుగర్ మాత్రలు పెద్ద పెట్టెలో కాకుండా చేతి సంచిలో ఉండాలి, పెద్ద పెట్టె గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది. బఫే దగ్గర చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఓడల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కు సబ్బు పనిచేసినంత బాగా శానిటైజర్ పనిచేయదు. 2020 ఫిబ్రవరిలో యోకొహామా రేవులో నిలిపేసిన 'డైమండ్ ప్రిన్సెస్'లో 3,711 మందిలో ఏడు వందల మందికి పైగా కోవిడ్ సోకిందని గుర్తున్నవాళ్లకు ఓడలో అంటువ్యాధి ఎంత వేగంగా పాకుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఈతకొలను దగ్గర కాపలా మనిషి చాలా ఓడల్లో ఉండడు. పిల్ల నీళ్లలో ఉన్నంతసేపూ పెద్దవాళ్లలో ఒకరు ఫోన్ చూడకుండా చూసుకోవాల్సిందే.

ఇవన్నీ కలిపితే పెద్ద జాబితా అనిపిస్తుంది. లెక్కవేస్తే మొదటి గంటలో చేయాల్సినవి కొన్నే: దారి నడవడం, జాకెట్ వేసి చూడటం, బాల్కనీ కుర్చీలు జరపడం, గడియలు చూసుకోవడం, అత్యవసర నంబరు చదువుకోవడం, కూత సంగతి పెద్దవాళ్లకు తెలుగులో చెప్పడం. బఫే రాత్రి దాకా తెరిచే ఉంటుంది.

టికెట్లు కొనే కొడుకులకూ కూతుళ్లకూ ఒక విన్నపం. అమ్మానాన్నలకు సముద్రం చూపించాలని ఇంత ఖర్చు పెడుతున్నారు. వాళ్లు అడగరు, భయంగా ఉందని చెప్పరు, మీకు ఇబ్బంది అవుతుందని ఊరుకుంటారు. ఓడ కదలకముందే అమ్మ చెయ్యి పట్టుకుని ఆ మెట్లు ఒకసారి దిగండి. మర్నాడు పొద్దున, ఈసారి మీరు వెనక ఉండి, ఆమెను ముందు నడవనివ్వండి. ఆమె తానే దారి కనుక్కుని స్టేషన్‌కు చేరితే అప్పుడు నిశ్చింతగా కాఫీ తాగండి.